ఆప్తుల అనుమానము, న్యాయస్థానపు సాక్ష్యము

విద్యార్థులారా! ఈ దినములలో మీరు సెలవులయందు చూచు చలనచిత్రములలో ఒక జాతి కథలు మిక్కిలి ప్రచారమున నున్నవి. అక్క హఠాత్తుగా మరణించును. అది ఆత్మహత్య యని అధికారులు వ్రాసికొని పోవుదురు. చెల్లెలు మాత్రము నమ్మదు. ఆమె ఒంటరిగా బయలుదేరి, అక్క యుండిన యింటిని వెదకి, ఇరుగుపొరుగు వారిని ప్రశ్నించి, తుదకు హంతకుని ముఖాముఖి కలిసికొనును. 2010వ సంవత్సరమున స్పెయిను దేశములో గిలెం మొరాలెస్ అను దర్శకుడు తీసిన ‘జూలియా కళ్లు’ అను చిత్రము ఇట్టిదే. అందు కవల సోదరీమణులలో చూపు కోల్పోయిన యొకతె ఉరికి వ్రేలాడుచు కనబడును. అదే నేత్రవ్యాధిచే క్రమముగా చూపు సన్నగిల్లుచున్న రెండవ యామె ఆ మరణమును శోధించును. ఈ కథనే 2022లో హిందీ భాషయందు ‘బ్లర్’ అను పేర మరల తీసిరి. తెలుగు చిత్రములతో నటజీవితము నారంభించిన తాప్సీ పన్ను అందు కథానాయిక.

ఇట్టి కథను గూర్చి తరగతిలో మాటలు జరుగుచుండగా పదవ తరగతి బాలిక యొకతె, “మాస్టరుగారూ, తోడబుట్టిన దానికి తెలిసినంత పోలీసువారికి తెలియునా?” అని యడిగినది. ప్రశ్న చిన్నదే గాని, దానికి జవాబు చిన్నది కాదు. ఆ జవాబే యీ వ్యాసము.

మొదట కథల సంగతి చూతము. ఇట్టి చిత్రములన్నిటియందును శోధించు స్త్రీ మొదటి దృశ్యమునుండియే సరిగా అనుమానించును. ఆమెను నమ్మని వైద్యుడు, భర్త, పోలీసు ఉద్యోగి అందరును పొరబడిన వారే యగుదురు. ఏలయన, హంతకుడెవరో కథకుడు ముందే నిశ్చయించుకొని, ఆమె అనుమానమును ఆ దిక్కునకు త్రిప్పియున్నాడు. జీవితమునందు అట్టి కథకుడు మన మనస్సులో కూర్చుండి యుండడు. అక్కడ ఆప్తుల అనుమానము ఒకప్పుడు నిజమగును, ఒకప్పుడు కాకపోవును. రెండు సందర్భములయందును దాని వేడి మాత్రము ఒక్కటే. లోపల నుండు వారికి ఈ రెంటికిని గల భేదము తెలియదు. దుఃఖము యొక్క కష్టమైన లక్షణ మిదియే.

ఈ సంగతి క్రొత్తది కాదు. క్రీస్తుకు పూర్వము అయిదవ శతాబ్దమున గ్రీకు నాటకకర్త సోఫొక్లీసు ‘ఎలెక్ట్రా’ అను నాటకము వ్రాసెను. దూరదేశమున నున్న తన సోదరుడు ఒరెస్టీసు రథముల పందెములో పడి మరణించెనని ఒక వృద్ధుడు వచ్చి ఎలెక్ట్రాకు చెప్పును. గుఱ్ఱములు, చక్రములు, ధూళి, పగ్గములలో చిక్కుకొన్న దేహము, ఇన్నిటిని కన్నులకు కట్టినట్లు వర్ణించును. అది యంతయు కల్పితము. అదే సమయమున ఆమె చెల్లెలు క్రిసోతెమిస్ తండ్రి సమాధి చెంత క్రొత్తగా నుంచిన వెండ్రుకల పాయను చూచి, సోదరుడు సజీవుడై వచ్చెనని పరుగెత్తుకొని వచ్చి చెప్పును. ఎలెక్ట్రా ఆమె మాటను నమ్మదు. వెండ్రుకల పాయ నిజము, రథపు కథ అబద్ధము; అయినను కథయే గెలిచినది. అందముగా అల్లబడిన వృత్తాంతము ఎదుట చేతికి దొరకిన చిన్న వస్తువు వెలవెలబోవుననుట ఆ కవి బాగుగా నెరిగియుండెను.

ఇప్పుడు మన ప్రాంతమునకు వత్తము. నేను చెప్పబోవునది కల్పిత కథ గాదు. న్యాయశాస్త్రము చదువు ప్రతి భారతీయ విద్యార్థియు నేటికిని చదువుచున్న వ్యాజ్యెము. దీనియందు మరణించినవాని సోదరి కాక భార్య కనబడును; అయినను మన బాలిక అడిగిన ప్రశ్నకు ఇంతకంటె మేలైన ఉదాహరణము తెలుగువారి చరిత్రలో నాకు కనబడలేదు.

పిఠాపురమున నూకరాజు అను నొకడుండెను. వయస్సు సుమారు 40 సంవత్సరములు. పిఠాపురము దివానుగారి కొలువులో బంట్రోతు. (నూకాలమ్మ పేర నూకరాజులు, నూకరత్నములు గల ఊళ్లు మన చుట్టును ఎన్నియో మీకు తెలియును.) దివానుగారి కుమార్తెలలో ఒకతె భర్త పాకల నారాయణస్వామి. ఈ దంపతులు బరంపురమున కాపురముండి, 1933 ప్రాంతమున పిఠాపురము వచ్చి కొంతకాలముండిరి. వారికి ధనమవసరమైనది. 1936లో ఆ యిల్లాలు నూకరాజు వద్ద పలుమార్లు చిన్న చిన్న మొత్తములుగా అప్పు తీసికొనగా అది 3,000 రూపాయలైనది. వడ్డి నూటికి సాలుకు 18. గణితమందు ఆసక్తి గల వారు లెక్కించినచో ఏడాదికి 540 రూపాయలు, నెలకు 45 రూపాయలు వడ్డియే యగును. ఆ కాలమున ఒక బంట్రోతు ఇంత సొమ్ము కూడబెట్టి అప్పిచ్చుట విశేషము. యజమాని కుమార్తెయే తన బంట్రోతు నొద్ద అప్పుచేయుట మరింత విశేషము. ఆ అప్పులకు సంబంధించి ఆమె సంతకములతో నున్న ఉత్తరములు, చీటీలు సుమారు 50 నూకరాజు తన యింట భద్రపరచియుండెను. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు.

1937వ సంవత్సరము మార్చి 20వ తేది శనివారమునాడు నూకరాజునకు ఒక ఉత్తరము వచ్చినది. అందు సంతకము లేదు. ఆ దినమున అతడు దానిని భార్యకు చూపి, తాను బరంపురము పోవుచున్నాననియు, నారాయణస్వామి భార్య వ్రాసి బాకీ సొమ్ము పుచ్చుకొనుటకు రమ్మన్నదనియు చెప్పెను. మరునాడు ఆదివారము ఇల్లు విడిచి బరంపురము రైలు అందుకొనుటకు పోయెను. పిఠాపురమునుండి బరంపురము సుమారు 250 మైళ్లు. దారి మన వాల్తేరు మీదుగనే. ఆ కాలమున వాల్తేరు వరకు మద్రాసు సదరన్ మరాఠా కంపెనీ వారి పట్టాలు, అక్కడినుండి ఉత్తరమునకు బెంగాల్ నాగపూర్ రైల్వేవారి పట్టాలు.

23వ తేది మంగళవారము మధ్యాహ్నము వేళ, ఖుర్దా రోడ్డునుండి చీలిన శాఖ చివర నున్న పూరీ స్టేషనులో, మూడవ తరగతి పెట్టెలో ఎవరును తీసికొనక విడిచిపోయిన ఉక్కు ట్రంకుపెట్టె యొకటి కనబడినది. తెరచి చూడగా అందు ఒక పురుషుని దేహము ఖండములుగా నున్నది. చిన్న తరగతుల వారుకూడ ఈ సంచికను చదువుదురు గనుక ఇంతకంటె వివరింపను. అది హత్య యనుటయందు వైద్యులకు సందేహము లేకుండెను. అతడెవ్వడో కొన్ని దినములవరకు తెలియలేదు. తుదకు అతనిని గుర్తించినది భార్యయే. వివాహమై 22 సంవత్సరములు గడచిన యిల్లాలు ఎట్టి స్థితిలో నుంచిన దేహమును చూచి ఇతడు నా భర్త యని చెప్పవలసివచ్చెనో తలంచుకొనుడు. న్యాయస్థానపు తీర్పులలో ఇట్టి సంగతి ఒక్క వాక్యములో గడచిపోవును.

తరువాత జరిగినది సులభమైన ప్రయాణము కాదు. నారాయణస్వామి, అతని భార్య, ఆమె సోదరుడు, ఇంటనుండు గుమాస్తా, నలుగురి మీదను నేరము మోపబడినది. 1937 మే, జూన్ మాసములలో ఛత్రపురము సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు విచారించి, చాలినంత సాక్ష్యము లేదని నలుగురిని విడిచిపెట్టెను. ఆ దినమున పిఠాపురపు విధవరాలి మనస్సెట్లుండెనో మనకెవరును వ్రాసి పెట్టలేదు. అటుపిమ్మట బరంపురము సెషన్సు జడ్జి తన యధికారము నుపయోగించి, దంపతులిద్దరిని విచారణకు నిలువవలెనని ఉత్తరువు చేసెను. విచారణానంతరము భార్యను నిర్దోషిగా విడిచి, భర్తకు మరణశిక్ష విధించెను. ఒడిస్సా రాష్ట్రము 1936 ఏప్రిలు 1వ తేదిననే యేర్పడినందున దానికి అప్పటికి ప్రత్యేక హైకోర్టు లేదు. కావున అప్పీలు పాట్నా హైకోర్టుకు పోయినది. అక్కడ శిక్ష స్థిరపడగా, లండనులోని ప్రీవీ కౌన్సిలునకు పోయినది. 1949 వరకు మన దేశపు వ్యాజ్యెములకు అదియే తుది మెట్టు. 1939 జనవరి 19వ తేదిన లార్డు ఆట్కిన్ తీర్పు చెప్పెను.

లండనులో వాదింపబడిన ముఖ్యాంశములలో ఒకటి ఆ యిల్లాలి మాట. చనిపోయినవాడు చెప్పినదానిని బ్రతికియున్నవారు వచ్చి చెప్పుట సాధారణముగా సాక్ష్యము కాదు. చెప్పినవానిని ప్రశ్నించుటకు వీలులేదు గదా. అయితే అప్పటి 1872వ సంవత్సరపు సాక్ష్య చట్టము 32వ విభాగమున దీనికొక మినహాయింపు ఉండెను. మరణమునకు కారణమును గాని, ఏ వ్యవహారము మరణమునకు దారితీసెనో దాని పరిస్థితులను గాని గూర్చి మృతుడు చెప్పిన మాటను స్వీకరింపవచ్చును. ముద్దాయి పక్షమువారు ఇట్లు వాదించిరి: నూకరాజు ఆ మాట చెప్పునప్పటికి అతనికి ఏ యపాయమును లేదు, చావు భయమును లేదు, బాకీ వసూలునకు పోవు మనిషి చెప్పిన మాట మరణ వాఙ్మూలమెట్లగును? ప్రీవీ కౌన్సిలు ఆ వాదము నంగీకరింపలేదు. మరణకారణము పుట్టుటకు ముందే, చంపబడుదునను శంకయే లేనప్పుడు చెప్పిన మాటయైనను, మరణమునకు దారితీసిన వ్యవహారముతో దానికి సన్నిహిత సంబంధమున్నచో చెల్లునని తీర్మానించెను. ఎక్కడికి పోవుచున్నాడో, ఎందుకు పోవుచున్నాడో, ఎవరు పిలిచిరో చెప్పిన మాట అట్టిది. అదే తీర్పులో మరియొక గీత కూడ గీసిరి. ప్రత్యేక సందర్భముతో సంబంధము లేని సామాన్యమైన భయమును, సామాన్యమైన అనుమానమును తెలుపు మాటలు ఈ మినహాయింపు క్రిందికి రావు.

చదువరులారా, ఇచ్చట కొంచెము నిలిచి ఆ యిల్లాలి వాక్యమును మరల చూడుడు. అందు నింద లేదు. ఫలానివాడు చంపెనని ఆమె చెప్పలేదు. తన భర్త ఉత్తరము చూపెను, ఈ మాట చెప్పెను, ఇంతే. ఆమె మనస్సులో ఎన్ని అనుమానములు కాలుచుండెనో గాని, మూడు న్యాయస్థానములను దాటి సముద్రముమీదుగా లండను చేరి నిలిచినది నింద లేని ఆ వాక్యమే. నేను తలంచునది, అందు నింద లేనందుననే అది నిలిచినదని.

అది యొక్కటియే చాలలేదనుట కూడ గమనింపవలెను. ఉత్తరములోని మాటలు సరిగా రుజువు కాలేదు. ఆ ఉత్తరము తన భర్తను పిలిపించిన యామెదని సాక్షి చెప్పినను, ఆ యిల్లాలు విడుదల పొందినది. నారాయణస్వామి పోలీసువారితో, నూకరాజు తన యింటికి వచ్చి రాత్రి యుండి మరునాటి సాయంకాలము వెడలిపోయెనని చెప్పిన మాటను ప్రీవీ కౌన్సిలు సాక్ష్యమునుండి తొలగించివేసెను. విచారణలో పోలీసువారికి చెప్పిన వాఙ్మూలమును అట్లు వాడరాదని ధర్మశాస్త్రము. ఇంత ముఖ్యమైన మాట పోయినను శిక్ష నిలిచినది. ఏలయన ట్రంకుపెట్టె కొనుగోలును గూర్చియు, దానిని బండిలో స్టేషనుకు చేర్చుటను గూర్చియు ఇతరుల సాక్ష్యము గలదు. ఆ 50 చీటీలు గలవు. నూకరాజు సొమ్ము ఇచ్చి ఊరకుండక కాగితములు దాచిపెట్టుటచే, అతడు మరణించిన తరువాత ఆ కాగితములే అతని పక్షమున మాటలాడినవి.

ఇక మనశ్శాస్త్ర విషయము. బోధనాభ్యసన కళాశాలలో మాకు స్మృతిని గూర్చి పాఠములుండెను. స్మృతి యనునది ఛాయాచిత్రము వంటిదని చాలమంది తలంతురు. 1932లోనే బార్ట్‌లెట్ అను కేంబ్రిడ్జి పండితుడు ‘జ్ఞప్తి’ని గూర్చిన తన గ్రంథమున, మనము జ్ఞాపకము చేసికొన్న ప్రతిసారి సంగతిని కొంత మరల కట్టుకొందుమని చూపెను. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అను నిరువురు చేసిన ప్రయోగము మీకు సులభముగా బోధపడును. 150 మంది విద్యార్థులకు రెండు మోటారు బండ్లు ఢీకొన్న చిత్రమును చూపిరి. 50 మందిని, “బండ్లు ఒకదానినొకటి తగిలినప్పుడు ఎంత వేగముతో నుండెను?” అని యడిగిరి. మరి 50 మందిని, ‘తగిలినప్పుడు’ అను మాటకు బదులు ‘నుజ్జునుజ్జుగా గుద్దుకొన్నప్పుడు’ అను అర్థము వచ్చు మాటతో అడిగిరి. మిగిలిన 50 మందిని వేగమును గూర్చి అడుగనే లేదు. వారము దినముల తరువాత అందరిని, “పగిలిన గాజు చూచితిరా?” అని ప్రశ్నించిరి. చిత్రములో పగిలిన గాజు లేనే లేదు. మృదువైన మాట విన్నవారిలో 7 గురు చూచితిమనిరి. కఠినమైన మాట విన్నవారిలో 16 మంది చూచితిమనిరి. వీరెవరును అబద్ధమాడుట లేదు. ప్రశ్నలోని ఒక్క క్రియాపదము వారి కన్నులలో గాజుముక్కలు చల్లినది.

అపరిచితుల బండ్ల విషయముననే ఇట్లుండగా, తోడబుట్టినవారి మరణము విషయమున ఎట్లుండును? చావు జరిగిన యింట పదిమంది చేరుదురు. “నాకప్పుడే అనుమానము తగిలినదమ్మా” అని యొకరు, “మొన్న సంతలో చూచినప్పుడు ముఖము అదోవిధముగా నున్నది” అని మరియొకరు చెప్పుదురు. మూడవ దినమునకు ఆ మాటలు సోదరి స్మృతిలో చేరి, ఆమె స్వయముగా చూచినవిగా మారును. మన ఆనందపురము కూడలిలో పూల బుట్టలతో కూర్చున్నవారి మధ్య ఒక వార్త ఉదయమునుండి మధ్యాహ్నమునకు ఎట్లు పెరుగునో ఎరిగినవారికి ఇది ఆశ్చర్యము కాదు. పాపము, ఓదార్చ వచ్చినవారు చెడు తలంపుతో మాటలాడరు. అయినను వారి మాటల రాశిలో, ఆ సోదరికి మాత్రమే తెలిసిన ఒక్క నిజమైన సంగతి పూడిపోవచ్చును. మోషే ధర్మశాస్త్రము ఇద్దరు ముగ్గురు సాక్షులుండవలెనని కోరినప్పుడు, ఒకరినుండి ఒకరు విన్నవారిని ముగ్గురుగా లెక్కించుటకు కాదు.

సోదరి సాక్ష్యముతో కూడిన వ్యాజ్యెము ఒకటి 1984లో మన సర్వోన్నత న్యాయస్థానమునకు వచ్చినది. శరద్ బిర్ధీచంద్ శారదా వ్యాజ్యెమని దానికి పేరు. మహారాష్ట్రమున నూతన వధువు ఒకతె వివాహమైన కొన్ని మాసములకే, 1982 జూన్ మాసములో పూనా నగరమున పొటాసియం సయనైడు విషముచే మరణించినది. ఆమె తన సోదరికిని, ఒక స్నేహితురాలికిని ఉత్తరములు వ్రాసియుండెను. అత్తవారింటి దుఃఖము వానియందు గలదు. క్రింది న్యాయస్థానము భర్తకు మరణశిక్ష విధించినది; హైకోర్టు నేరమును స్థిరపరచినది. సర్వోన్నత న్యాయస్థానము పిఠాపురపు వ్యాజ్యెములోని సూత్రమును తిరిగి పరిశీలించి, ఆ ఉత్తరములను నిదానముగా చదివి చూచినది. తుదకు భర్తను విడుదల చేసినది. సోదరికి ఏ యుత్తరములు హత్యను సూచించినవో, అవే యుత్తరములు విసిగి ప్రాణము తీసికొనదలచిన మనస్సును కూడ సూచింపవచ్చునని న్యాయమూర్తులకు తోచినది. పరిస్థితులచే నేరము రుజువు చేయునప్పుడు గొలుసు తెగకుండ నుండవలెననియు, నిర్దోషిత్వమునకు అనుకూలమైన మరియొక అర్థమునకు తావుండరాదనియు ఆ తీర్పు అయిదు నియమములు చెప్పినది. నేటికిని దేశమంతట న్యాయస్థానములు వానిని అనుసరించుచున్నవి.

ఇది వినుటకు కఠినముగా నుండును. ఆ సోదరి దుఃఖము అబద్ధమని ఎవరును అనలేదు. నిర్దోషి యొకడు ఉరికంబమెక్కుట కూడ ఒక యింట తోబుట్టువు మరణమే యగును, అక్కడ కూడ ఒక చెల్లెలు ఏడ్చును. ఈ రెండు దుఃఖముల నడుమ నిలిచి న్యాయాధిపతి కలము పట్టవలెను.

అట్లని చట్టము ఆప్తులను దూరముగా నుంచుట లేదు. ఈ విషయమును తలిదండ్రులు శ్రద్ధగా చదువవలెనని కోరుచున్నాను. అసహజ మరణము జరిగినపుడు పోలీసు అధికారి స్థలమునకు వచ్చి, చుట్టుపట్ల గౌరవస్థులగు ఇద్దరు లేక అంతకంటె ఎక్కువ మంది యెదుట దేహమును పరీక్షించి, గాయములను వర్ణించి, మరణకారణమేమి కనబడుచున్నదో వ్రాయవలెను. దీనినే జనులు శవపంచనామా యందురు. 2024 జూలై 1వ తేదినుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 194వ విభాగము, పూర్వము 174. వివాహమైన ఏడు సంవత్సరములలోపల స్త్రీ మరణించి, ఆమె బంధువెవరైనను కోరినచో, దేహమును శవపరీక్షకు వైద్యునియొద్దకు పంపవలెను. ఈ నియమము 1983లో చేర్చబడినది. కావున “పంపుడు” అని అడుగుటకు సోదరికి హక్కు గలదు. అడుగవలసినది అంత్యక్రియలకు ముందు. మన జిల్లాలో ఇట్టి పరీక్షలు విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రిలో జరుగును. 1923లో స్థాపింపబడిన ఆంధ్ర వైద్యకళాశాల దానితో ముడిపడి యున్నది. ఊరిపెద్దలు పరువు పేరు చెప్పి తొందరగా దహనమో ఖననమో చేయింపజూతురు. దేహము పోయిన తరువాత ఎంతటి మేధావికైనను చేయగలిగినది కొంచెమే.

మేజిస్ట్రేటు విచారణ జరిగినచో, పేరును చిరునామాయు తెలిసిన బంధువులకు సాధ్యమైనంతవరకు తెలియజేసి, వారిని అక్కడ నుండనీయవలెనని 196వ విభాగము చెప్పుచున్నది. బంధువులనగా ఎవరో అక్కడనే వివరించిరి: తలిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, భార్య లేక భర్త. అక్కచెల్లెండ్ర పేరు చట్టములో స్పష్టముగా నుండుట మన బాలికలు గమనింతురు గాక. ఫిర్యాదు చేసినవారికి ప్రథమ సమాచార నివేదిక ప్రతి ఉచితముగా ఇయ్యవలెను. దర్యాప్తు ఎంతవరకు వచ్చెనో తొంబది దినములలో తెలుపవలెను. కట్నము కొరకు హింసింపబడిన స్త్రీ ఏడేండ్లలోపల అసహజముగా మరణించినచో, ఆ హింస మరణమునకు కొంచెము ముందు జరిగినదని చూపగలిగిన పక్షమున, న్యాయస్థానము భర్తకు లేక అతని బంధువులకు ప్రతికూలముగా భావన చేయవలెనని 1986లో శాసనము వచ్చినది. దానిచే ఆప్తుల భారము కొంత తగ్గినది. అయినను హింస జరిగినదని చూపవలసినది వారే. అందుకు ఉత్తరములు కావలెను. నేటి కాలమున ఉత్తరములు లేవు గదా యందురేమో. ఫోనులోని సందేశములు, ధ్వనిముద్రలు ఉత్తరములే. వానిని చెరపక, ఒకరినుండి ఒకరికి పంపి పాడుచేయక, ఆ ఫోనును ఉన్నదున్నట్లుగా అప్పగించుట మేలు. నూకరాజు చీటీలు దాచిన విధము జ్ఞాపకముంచుకొనుమని ఇందుకే చెప్పితిని.

చిత్రములలోని కథానాయిక మృతురాలి గదిలోనికి పోయి ప్రతి వస్తువును చేతితో పట్టి చూచును, సొరుగులు తెరచును, గాజుగ్లాసు నెత్తి వాసన చూచును. చూచువారికి ఉత్సాహముగా నుండును. నిజముగా అట్లు చేసినచో వ్రేలిముద్రలన్నియు ఆమెవే యగును. గది తలుపు మూసి, తాళము వేసి, బయట కూర్చుండి, తాను తుదిసారి అక్కతో మాటలాడిన దినమును, గంటను, మాటలను ఇతరులతో చర్చింపకముందే కాగితము మీద వ్రాసికొన్న చెల్లెలు ఎక్కువ పని చేసినదగును. దానిని చిత్రముగా తీసినచో ఎవరును టిక్కెట్టు కొనరు, అది వేరు సంగతి.

కావున ఆ బాలిక ప్రశ్నకు నా జవాబు: తోడబుట్టిన దానికి తెలిసినది పోలీసువారికి తెలియదు, నిజమే. ఎవరితో సొమ్ము వ్యవహారమున్నదో, ఏ దినమున ఏ ఉత్తరము వచ్చెనో, అక్క ఏ చేతితో వ్రాయునో, చీకటి యనిన భయపడునో లేదో ఆమెకే తెలియును. అది యంతయు చెప్పవలెను. దానినుండి ఎవరు దోషులో తేల్చుట మరియొక పని. ఆ రెండవ పనిని మొదటిదానిలో కలిపినచో మొదటిదియు చెడును.

ఎనిమిదవ తరగతినుండి పై తరగతులవారికి ఒక అభ్యాసము. పిఠాపురపు యిల్లాలి సాక్ష్యమును మీ నోటు పుస్తకములో వ్రాసికొని మూడు భాగములుగా విడదీయుడు. ఆమె కన్నులతో చూచినది ఏది? చెవులతో విన్నది ఏది? ఆమె భర్త ఉత్తరములో చదివి ఆమెకు చెప్పినది ఏది? పిమ్మట, మొన్నటి వారము మీ వీధిలో జరిగిన ఏదేని యొక సంగతిని పది వాక్యములలో వ్రాసి, ప్రతి వాక్యము ప్రక్కను ‘చూచితిని’, ‘వింటిని’, ‘అనుకొంటిని’ అను మాటలలో తగినది వ్రాయుడు. ఒకే సంగతిని చూచిన ఇద్దరు వేరువేరుగా, ఒకరితో నొకరు మాటలాడకుండ వ్రాసినచో మరియు మంచిది. రెండు పుస్తకములను కలిపి తరగతి ఉపాధ్యాయునకు చూపవలెను.